పశువు ఈసుకుపోతే ముందు పరీక్ష

పాడి రైతులకు, గొర్రెలూ మేకలూ కాసేవాళ్లకు, ఇంట్లో పాలు కాచే అమ్మలకు ఈ పూట ఒకే ఒక్క మాట చెబుదామని వచ్చాను. మీ దొడ్లో పశువు నెలలు నిండకుండా ఈసుకుపోతే, మందు సీసా కొనే ముందు రక్త పరీక్ష చేయించండి. ఈ కాస్త సమయంలో ఎటు తిరిగినా మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాను. విసుక్కోకుండా వినండి.

మామూలుగా మన ఊళ్లల్లో ఏం జరుగుతుంది? ఏడెనిమిది నెలల చూడి గేదె. రాత్రి మేత బాగానే తిన్నది. కుడితి తాగింది. తెల్లారి పేడ తీద్దామని ఇల్లాలు దొడ్లోకి పోతుంది. గేదె వెనకాల చచ్చిన దూడ పడి ఉంటుంది. ఒంటి మీద వెంట్రుకలు పల్చగా, కళ్లు మూసుకుని. అయ్యో అనుకుంటుంది ఆ తల్లి. వట్టి చేతుల్తోనే దాన్ని గోనెపట్టా మీదికి లాగుతుంది. ఇంటాయన దాన్ని తీసుకుపోయి పెంటకుప్ప మీదో చెరువు గట్టు మీదో పడేస్తాడు. మధ్యాహ్నానికల్లా కుక్కలు లాక్కుపోతాయి.

ఇంకా మాయ పడదు. సగం బయటికి వచ్చి వేలాడుతూ ఉంటుంది. దానికో పాత చెప్పు కడతారు, బరువుకి కిందికి దిగుతుందని. రాయి కట్టేవాళ్లూ ఉన్నారు. అదీ కాకపోతే ఊళ్లో అనుభవం ఉన్న మనిషి వస్తాడు. మోచెయ్యి దాకా నూనె రాసుకుని, చెయ్యి లోపల పెట్టి లాగేస్తాడు. పడిన మాయను కొన్ని ఊళ్లల్లో గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కడతారు. పాలు ధారగా ఇస్తుందని నమ్మకం. ఆ చెట్టు కిందే పిల్లలు ఆడుకుంటారు. ఆ చెట్టు నీడనే మధ్యాహ్నం మంద పడుకుంటుంది.

సాయంత్రం అరుగు మీద చర్చ మొదలవుతుంది. దిష్టి తగిలిందంటారు ఒకరు. పక్క గేదె కొమ్ముతో పొడిచిందంటారు ఇంకొకరు. వేడి చేసింది, పడని మేత తిన్నది, ఇలా ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఇందులో కొన్ని నిజమే కావచ్చు కూడా. కొమ్ము పోటుకు చూడి పోవడం ఉన్నదే. బూజు పట్టిన దాణా, బూజు పట్టిన చొప్ప తిన్నా పోవచ్చు. ఎండాకాలం అంతా ఎండు వరిగడ్డి మీదే బతికిన పశువుకు పచ్చిమేతలో దొరికే విటమిన్ ఏ అందదు. అలాంటి పశువు కడుపులో దూడ నిలవకపోవచ్చు. నిలిచినా బలం లేని దూడ, చూపు సరిగా లేని దూడ పుట్టవచ్చు. మేత లోపాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. చూడి పశువుకు కాస్త పచ్చిమేత, రోజూ కొంచెం ఖనిజ లవణ మిశ్రమం ఉండాల్సిందే.

కానీ అన్నిటికన్నా భయపడాల్సిన కారణం ఒకటుంది. అదే ఈసుడు రోగం. పశువుల డాక్టర్లు బ్రూసెల్లోసిస్ అంటారు. ఇది అంటురోగం. ఒక పశువు నుంచి ఇంకో పశువుకు, పశువు నుంచి మనిషికి అంటుకుంటుంది. దీన్ని కంటితో కనిపెట్టలేం. ఎంత అనుభవం ఉన్న రైతైనా కనిపెట్టలేడు. ఎంత పేరున్న డాక్టరైనా చూసి చెప్పలేడు. ఎందుకంటారా? రోగం ఉన్న గేదెకు జ్వరం ఉండదు. మేత మానదు. వెంట్రుక నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకసారి, మహా అయితే రెండుసార్లు ఈసుకుపోతుంది. ఆ తర్వాత చాలా పశువులు మామూలుగానే నెలలు నిండి ఈనుతాయి. హమ్మయ్య, దిష్టి పోయింది అనుకుంటాం. నిజానికి ఆ రోగం దాని ఒంట్లోనే ఉంటుంది. పొదుగులో ఉంటుంది. ఈనినప్పుడల్లా మాయలో, ఉమ్మనీటిలో, తర్వాత పాలలో బయటికి వస్తూనే ఉంటుంది.

చూడ్డానికి బాగున్న పశువు రోగాన్ని మోస్తుందన్న సంగతి ప్రపంచానికి తెలిసిన కథ ఒకటుంది. అది మనకు చాలా దూరంగా, మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవిలో జరిగింది. వినదగ్గ కథ. కొంచెం వివరంగానే చెబుతాను.

అప్పట్లో మాల్టా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది. అక్కడ పెద్ద సైనిక స్థావరం, నౌకాదళం ఉండేవి. సైనికులకు ఒక వింత జ్వరం వచ్చేది. సాయంత్రానికి కాగేది. రాత్రికి చెమటలు పట్టి తగ్గేది. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. నెలల తరబడి మనిషిని పీల్చి పిప్పి చేసేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు, ఆ జ్వరంతో చనిపోయిన సైనికుడి ప్లీహంలో ఒక సూక్ష్మజీవిని కనిపెట్టాడు. జ్వరానికి కారణం తెలిసింది. కానీ ఆ సూక్ష్మజీవి మనిషి ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వస్తోంది? అది తేలడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. గాలి మీద అనుమానపడ్డారు. దుమ్ము మీద, మురుగు మీద, దోమల మీద అనుమానపడ్డారు. మేకల మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

మాల్టాలో పాలంటే మేకపాలే. మేకల మందను వీధుల్లో తోలుకొచ్చి, గుమ్మం ముందే పిండి పోసేవాళ్లు. కళ్ల ముందు పిండిన పాలు, నీళ్లు కలవని పాలు అని జనానికి ఎంతో నమ్మకం. సైనిక ఆసుపత్రుల్లో రోగులకు బలం కోసం అవే పాలు ఇచ్చేవాళ్లు. వేరే జబ్బుతో చేరినవాడికి అక్కడే ఈ జ్వరం పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. బలానికని తాగించిన పాలే జ్వరం తెచ్చాయి.

1904లో లండన్ నుంచి ఒక పరిశోధక బృందం వచ్చింది. అందులో మాల్టా దేశస్థుడే అయిన డాక్టర్ తెమిస్టోక్లిస్ జామిట్ ఉన్నాడు. 1905 జూన్‌లో ఆయన ప్రయోగం కోసం తెచ్చిన మేకల రక్తాన్ని పరీక్షించాడు. ఆరు మేకలు. చురుగ్గా గెంతుతున్నాయి. మేత మేస్తున్నాయి. పాలిస్తున్నాయి. వాటిలో ఐదింటి రక్తం రోగం ఉందని చెప్పింది. తర్వాత వెతికితే పాలలోనూ అదే సూక్ష్మజీవి దొరికింది. అదే ఏడాది ఒక నౌక మాల్టా మేకల్ని ఎక్కించుకుని అమెరికా బయల్దేరింది. మంచి జాతి మేకలని కొనుక్కుపోతున్నారు. దారిలో ఆ పాలు తాగిన నావికులు జ్వరాన పడ్డారు. మేకలకు మాత్రం ఏమీ కాలేదు.

1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు. ఏడాది తిరిగేసరికి దండులో ఆ జ్వరం దాదాపు కనుమరుగైంది. ఊళ్లో జనం పచ్చిపాలు మానలేదు. వాళ్లకు జ్వరాలూ మానలేదు.

ఇప్పుడు మన దొడ్లోకి వద్దాం. ఆనాడు మాల్టాలో ఆరు మేకలకు చేసిన పరీక్షే, కాస్త మెరుగుపడి, ఈనాడు మన పశువుల ఆసుపత్రిలో, జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రంలో దొరుకుతుంది. ఎలా చేస్తారో చెబుతాను. తెలిస్తే భయం పోతుంది.

డాక్టరు గారు పశువు మెడ దగ్గర నరం నుంచి కొద్దిగా రక్తం తీస్తారు. చిన్న గాజు గొట్టంలో పట్టి కదపకుండా నిలబెడతారు. కాసేపటికి రక్తం గడ్డ కట్టి, పైన లేత పసుపు రంగు నీరు తేరుకుంటుంది. దాన్ని సీరం అంటారు. ఒక తెల్లటి పలక మీద ఆ సీరం ఒక చుక్క వేస్తారు. పక్కనే గులాబి రంగు మందు ఒక చుక్క. ఆ మందులో ఉన్నది చంపేసిన ఈసుడు రోగపు సూక్ష్మజీవులే. వాటికి గులాబి రంగు వేసి ఉంచుతారు. రెండు చుక్కలూ పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ ఊపుతారు. నాలుగు నిమిషాలు. రోగం తగలని పశువైతే ఆ చుక్క నున్నగా, ఒకే రంగుగా ఉండిపోతుంది. రోగం తగిలిన పశువైతే, నిమ్మరసం పిండిన పాలు విరిగినట్టు, చుక్కలో సన్నటి పలుకులు కడతాయి. వెలుతురులో పెట్టి చూస్తే మీకే కనబడతాయి. అంతే పరీక్ష. అనుమానం ఉంటే అదే సీరాన్ని పెద్ద ల్యాబ్‌కు పంపి ఎలైసా అనే పరీక్షతో నిర్ధారణ చేసుకుంటారు.

పాలతోనూ ఒక పరీక్ష ఉంది. ఇది ఆవుపాలకు బాగా పనికొస్తుంది. చిన్న గొట్టంలో కాసిని పాలు పోసి, నీలం రంగు వేసిన మందు ఒక చుక్క కలుపుతారు. పాలన్నీ లేత నీలంగా మారతాయి. గొట్టాన్ని ఒంటి వేడి అంత వెచ్చదనంలో గంటసేపు ఉంచుతారు. వెన్న పైకి తేలుతుంది కదా. రోగం లేని పాలైతే పైన వెన్న తెల్లగా, కింద పాలు నీలంగానే ఉంటాయి. రోగం ఉన్న పాలలో ఆ నీలమంతా వెన్నతో పాటు పైకి ఎక్కి, గొట్టం మూతి దగ్గర నీలం రంగు పట్టీ కడుతుంది. కింద పాలు తెల్లబడతాయి. పశువును ముట్టుకోనక్కర్లేదు, సూది గుచ్చనక్కర్లేదు. పాల కేంద్రాల వాళ్లు తలుచుకుంటే ఊరి పాలను ఇలా అప్పుడప్పుడూ చూసుకోవచ్చు. చాలాచోట్ల వెన్న శాతం చూడ్డానికి ఉన్న శ్రద్ధ దీని మీద లేదు. ఉండాలని నా కోరిక. ఒక్క జాగ్రత్త. జున్నుపాలతో, పొదుగువాపు ఉన్న పాలతో, వట్టిపోయే ముందు పాలతో ఈ పరీక్ష తప్పు చెబుతుంది. గేదెపాలకు, మేకపాలకు దీన్ని నమ్ముకోకండి. రక్త పరీక్షే చేయించండి.

ఇక్కడ ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈసుకుపోయిన రోజే రక్తం తీస్తే, ఒక్కోసారి రోగం ఉండి కూడా లేనట్టు వస్తుంది. రక్తంలో గుర్తులు పుట్టడానికి కొంత టైం పడుతుంది. అందుకని మొదటిసారి ఏమీ లేదని వచ్చినా, మూడు నాలుగు వారాల తర్వాత ఇంకోసారి చేయించండి. రెండుసార్లు చూసుకుంటేనే ధీమా.

పరీక్ష వల్ల లాభమేంటి, రోగానికి మందు లేనప్పుడు? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. ఈసుడు రోగానికి పశువులో నమ్మకమైన వైద్యం లేదన్నది నిజం. ఇంజెక్షన్లు పొడిస్తే డబ్బు పోతుంది, రోగం పోదు. పరీక్ష వల్ల ముందుగా తేలేది, మన డబ్బు ఎక్కడ పెట్టాలన్నది. రోగం లేదని తేలిందనుకోండి. అప్పుడు మేత వైపు చూడండి. దాణా బూజు పట్టిందా, పచ్చిమేత అందుతోందా, లవణాలు పెడుతున్నామా, ఇంకేదైనా అంటురోగమా అని డాక్టరు గారు వెతుకుతారు. రోగం ఉందని తేలిందనుకోండి. అప్పుడు కాల్షియం సీసాలు, బలం మందులు ఎన్ని పోసినా ఆ ఖర్చు వృథా. ఆ డబ్బుతో దొడ్లో మిగతా పశువుల్ని కాపాడుకోవాలి. పరీక్ష చేయించని రైతు రెండు ఖర్చులూ పెడతాడు, పని మాత్రం జరగదు.

రోగం ఉందని తేలిన పశువును వేరే కట్టుగొయ్యకు మార్చండి. వేరే తొట్టి, వేరే మేత. ఈనే రోజులు దగ్గరపడితే మరీ దూరంగా కట్టండి. ఎందుకంటే ఈనినప్పుడూ ఈసుకుపోయినప్పుడూ వచ్చే మాయలో, నీళ్లలో రోగం గుట్టలుగా ఉంటుంది. ఆ నీళ్లు పడిన గడ్డిని ఇంకో చూడి పశువు నాకితే చాలు. ఊరి దున్నపోతు దగ్గరికి తోలకండి. ఎదకు వస్తే కృత్రిమ గర్భధారణ చేయించండి. ప్రభుత్వ వీర్య కేంద్రాల్లో ఆబోతులను ఈ రోగానికి పరీక్షిస్తూనే ఉంటారు. ఊరి దున్నపోతును ఎవరు పరీక్షించారు?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సంత దగ్గర. రోగం ఉందని తెలిసిన రైతు ఏం చేస్తాడు? మనసులో మాట చెప్పుకుందాం. వచ్చే శుక్రవారం సంతకు తోలేస్తాడు. లక్ష రూపాయల గేదెను, పరీక్ష కాగితం చూపించి ఎవరు కొంటారని కాగితం దాచేస్తాడు. కొనేవాడు ఏం చూస్తాడు? పళ్లు చూస్తాడు. సుళ్లు చూస్తాడు. పొదుగు పట్టి చూస్తాడు, నరం చూస్తాడు. రెండు పూటలు పిండించి పాలు కొలుచుకుంటాడు. ఇన్ని చూసినవాడు ఒక చుక్క రక్తం మాత్రం చూడడు. అలా ఆ గేదె ఇంకో ఊరికి, ఇంకో దొడ్లోకి పోతుంది. అక్కడ నాలుగు చూడి పశువులుంటాయి.

అమ్మేవాడిని తిట్టడం తేలిక. అప్పు చేసి కొన్న గేదె, ఇంటికి ఆధారమైన గేదె. దాన్ని కట్టేసి మేపు, అమ్మకు అని నీతి చెప్పడం నాకూ అంత సులువుగా లేదు. చాలా దేశాల్లో పరీక్షించి, రోగం ఉన్నవాటిని తీసేసి, రైతుకు పరిహారం ఇచ్చారు. అలా చేసే ఆస్ట్రేలియా 1989 నాటికి పశువుల్లో ఈ రోగం లేకుండా చేసుకుంది. మన దగ్గర ఆ దారి మొత్తంగా కుదరదు. ఆవుల విషయంలో అసలే కుదరదు. కాబట్టి రైతు నిజం చెబితే నష్టపోకుండా చూసే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి. అది లేకుండా రైతు ఒక్కడి నిజాయతీ మీద భారమంతా వేయడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం. 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి అంటురోగాల సమాచారాన్ని పశువైద్య సిబ్బందికి తెలపడం పశువు యజమాని బాధ్యత. చట్టం ఉంది. చట్టంతో పాటు చేయూత కూడా ఉంటే కాగితం దాచాల్సిన అవసరం రాదు.

కొనేవాడి చేతిలో మాత్రం ఈరోజే చేయగలిగిన పని ఉంది. బేరం కుదిరాక, అడ్వాన్సు ఇచ్చే ముందు, రక్త పరీక్ష చేయించుకుని తీసుకుంటానని అడగండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే మీకు సగం సమాధానం దొరికినట్టే. కొని తెచ్చాక కూడా నెల రోజులు మీ పశువుల్లో కలపకండి. విడిగా కట్టి, మళ్లీ ఒకసారి పరీక్ష చేయించి, అప్పుడు కలపండి. పాలు కొలిచి కొన్నట్టే, రక్తం చూసి కొనండి.

ఇక మనుషుల సంగతి. అమ్మలారా, ఇది ముఖ్యంగా మీరు వినాలి. దొడ్లో ఎక్కువ పని చేసేది మీరే కదా. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతుల్తో ముట్టుకోకండి. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, కంట్లో ఒక చుక్క చిందినా చాలు, రోగం లోపలికి పోతుంది. గ్లౌజులు లేకపోతే మందమైన పాలిథీన్ సంచులు చేతులకు తొడుక్కుని మణికట్టు దగ్గర కట్టుకోండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ పనికి అసలు వెళ్లవద్దు. దూడను, మాయను, తడిసిన గడ్డిని నడుము లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలు తవ్వలేనంత లోతు ఉండాలి. చెట్టుకు మాత్రం కట్టొద్దు. పాలు మేత వల్ల, జాతి వల్ల వస్తాయి. మర్రిచెట్టు వల్ల రావు. ఆ చోట బ్లీచింగ్ నీళ్లో ఫినాయిలో పోసి కడగండి. ఎండ తగిలేలా వదలండి. చల్లటి నీడలో, తడిలో ఈ సూక్ష్మజీవి నెలల తరబడి బతుకుతుంది. ఎండకు తట్టుకోలేదు. మాయ పడకపోతే డాక్టరు గారిని పిలవండి. చెప్పు కట్టకండి, లాగకండి.

పాల విషయం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొంగు వచ్చేదాకా కాచిన పాలలో ఈ రోగం బతకదు. మన ఇళ్లల్లో పాలు కాచే తాగుతాం, కాచిన పాలే తోడు పెడతాం, జున్ను కూడా ఉడికించే తింటాం. పెద్దవాళ్లు పెట్టిన ఈ అలవాటు మనల్ని చాలావరకు కాపాడుతోంది. దాన్ని చెడగొట్టే మాటలు ఈ మధ్య వినబడుతున్నాయి. పచ్చిపాలు బలమని, పితికిన వేడితోనే తాగాలని. పసిపిల్లలకు మేకపాలు కాచకుండా పడితే మంచిదని. వినకండి. మాల్టా సైనికులు తాగింది ఆ పాలే.

ఈ రోగం మనిషికి వస్తే ఎలా ఉంటుంది? సాయంత్రం జ్వరం. రాత్రి చెమట. నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. ఆకలి ఉండదు, ఓపిక ఉండదు. కొందరు మగవాళ్లకు వృషణాలు వాస్తాయి. చూసినవాళ్లు టైఫాయిడ్ అనుకుంటారు, మలేరియా అనుకుంటారు. ఒక్కోసారి క్షయ అనుకుంటారు. ఒక కోర్సు మందులు, ఇంకో కోర్సు మందులు, జ్వరం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. డాక్టరు తప్పేమీ లేదు. ఆయనకు మీ దొడ్డి సంగతి తెలియదు కదా. అందుకే జ్వరం పది రోజులు దాటితే ఈ రెండు ముక్కలు మీరే చెప్పండి. డాక్టరు గారూ, మా ఇంట్లో పశువులున్నాయి. ఈ మధ్య మా గేదె ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను. అంతే. మనుషులకూ దీనికి రక్త పరీక్ష ఉంది. మనుషుల్లో వైద్యమూ ఉంది. రెండు రకాల మందులు ఆరు వారాలు వాడాలి. ఆరు వారాలంటే ఆరు వారాలే. జ్వరం తగ్గిందని మూడో వారం మానేస్తే తిరగబెడుతుంది. గొల్ల, కురుమ సోదరులు, గోపాలమిత్రలు, పశువుల ఆసుపత్రి సిబ్బంది కూడా ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ఈతల కాలంలో గొర్రెపిల్లల్ని చేత్తో లాగే పని మీదే. గొర్రెలు, మేకల్లో ఉండే రకం మనిషికి మరీ గట్టిగా పడుతుంది. మాల్టాలో ఉన్నది అదే.

పశువులకు ఈ రోగం రాకుండా చూసుకునే దారి ఒకటుంది, టీకా. అది వచ్చిన తీరు కూడా విచిత్రమే. 1923లో అమెరికాలో జాన్ బక్ అనే శాస్త్రవేత్త ఒక జెర్సీ ఆవు పాల నుంచి ఈ సూక్ష్మజీవిని పెంచి, ఏడాదికి పైగా గదిలో అలాగే వదిలేశాడు. తీసి చూస్తే దాని వాడి తగ్గిపోయింది. రోగం తెప్పించే బలం తగ్గింది, రక్షణ ఇచ్చే గుణం మిగిలింది. ఎస్-19 అనే ఆ రకాన్నే ఈనాటికీ మన పెయ్య దూడలకు వేస్తున్నారు. 2019 సెప్టెంబర్ 11న మథురలో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద, గాలికుంటు టీకాతో పాటు ఈ టీకా కూడా ఉచితం.

దీనికి వయసు ముఖ్యం. నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటని పెయ్య దూడలకే వేయాలి. ఆవు పెయ్యైనా, గేదె పెయ్యైనా సరే. జీవితంలో ఒక్కసారి చాలు. మగ దూడలకు వేయకూడదు. చూడి పశువులకు అసలే వేయకూడదు, టీకాయే చూడి పోగొట్టవచ్చు. ఇది బతికి ఉన్న సూక్ష్మజీవితో చేసిన టీకా. పొరపాటున వేసేవాళ్ల వేలికి సూది గుచ్చుకుంటే వాళ్లకే జ్వరం పట్టుకుంటుంది. అందుకే మందుల షాపులో కొని మనమే పొడుచుకునే పని కాదిది. టీకా నూటికి నూరు పాళ్లు కాపాడుతుందని నేను అనను. కానీ ఈసుకుపోవడం బాగా తగ్గుతుంది. ఈసుకుపోవడం తగ్గితే దొడ్లో రోగం చిందడమూ తగ్గుతుంది.

టీకా వేసినప్పుడు చెవికి పన్నెండు అంకెల పోగు వేసి నంబరు రాసుకుంటారు. కొందరు పోగు వేయనివ్వరు. చెవి పాడవుతుందని, ప్రభుత్వం లెక్క రాసుకుని ఏదో చేస్తుందని భయం. ఆ నంబరు మీకే పనికొస్తుంది. ఎందుకంటే టీకా పడిన పెయ్య రక్తం కొంతకాలం పరీక్షలో రోగం ఉన్నట్టే చూపిస్తుంది. నిజంగా రోగమా, టీకా గుర్తా అని తేల్చుకోవాలంటే టీకా ఎప్పుడు వేశారో తెలియాలి. పోగు నంబరు, తేదీ ఒక కాగితం మీద రాసి పాల పుస్తకంలో పెట్టుకోండి. రేపు ఆ పెయ్యను అమ్మేటప్పుడు, కొనేవాడు రక్తం చూపించమంటే, ఆ కాగితమే మీ మాట నిలబెడుతుంది.

ఈ రోజే మీ దొడ్లోకి వెళ్లి ఒకసారి చూసుకోండి. గడిచిన ఏడాదిలో ఈసుకుపోయిన పశువు ఉంటే, ఇప్పుడు ఎంత నిగనిగలాడుతున్నా సరే, దగ్గరలోని పశువుల డాక్టరు గారికి చెప్పి రక్తం తీయించండి. రేపు ఎప్పుడైనా ఏ పశువైనా ఈసుకుపోతే, చెయ్యి పెట్టక ముందే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వాళ్లు మాట్లాడతారు. మీ ఊరికి టీకా బృందం వచ్చిన రోజు నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలను మేతకు తోలకుండా ఇంటి దగ్గరే కట్టేసి ఉంచండి.